పాత ఫ్రేమ్‌వర్క్‌లు: ఉంచడం మేలా, తీసేయడం మేలా?

నాలుగైదేళ్లు వాడిన విండోస్ కంప్యూటర్‌లో కంట్రోల్ ప్యానెల్ తెరిచి ప్రోగ్రాముల జాబితాను పేర్ల వరుసలో చూస్తే, మైక్రోసాఫ్ట్ పేరుతో మొదలయ్యే వరుసల దగ్గర ఒక పెద్ద గుంపు ఎదురవుతుంది. విజువల్ సి++ 2008, 2010, 2012, 2013, ఆ తరువాత 2015-2022; వాటిలో ప్రతిదానికీ 32 బిట్‌కు ఒకటి, 64 బిట్‌కు ఒకటి; కొన్నిచోట్ల ఒకే సంవత్సరం పేరుతో రెండు మూడు వరుసలు. వాటి నడుమ డాట్‌నెట్ రన్‌టైమ్‌లు, ఇంకొంచెం పైన జావా ఉంటాయి. ఇవన్నీ ఇతర ప్రోగ్రాములు నడవడానికి ఆధారంగా వాడుకునే ఉమ్మడి కోడ్; వీటినే ఫ్రేమ్‌వర్క్‌లనీ రన్‌టైమ్‌లనీ అంటారు. వీటిలో ఏదీ మనం కోరి తెచ్చుకున్నది కాదు. ఏదో ఒక ప్రోగ్రాము ఇన్‌స్టాల్ అవుతూ తనతోపాటు తెచ్చిపెట్టినవి, ఆ ప్రోగ్రామును తీసేసిన తరువాత కూడా చాలావరకు అక్కడే మిగిలిపోయేవి. కొత్తది ఉండగా పాతవి ఎందుకన్న ప్రశ్న ఆ జాబితాను చూసిన ప్రతివారికీ కలుగుతుంది.

మన ముందున్న మార్గాలు మూడు: అన్నింటినీ ఉన్నవి ఉన్నట్టే వదిలేయడం, కొత్త వెర్షన్ ఒక్కటి ఉంచి మిగతావన్నీ తీసేయడం, అవసరమైనవి ఏరి ఉంచుకోవడం. మూడోదే మంచిదని ఒప్పుకోవడానికి ఎవరికీ అభ్యంతరం ఉండదు కానీ, ఏరడం ఎలా అన్నదగ్గరే చిక్కు వస్తుంది. సంఖ్యను చూసి, చిన్న సంఖ్య కాబట్టి పాతది, పాతది కాబట్టి పనికిరానిది అని నిర్ణయించడం ఈ విషయంలో చెల్లదు. అడగవలసిన ప్రశ్నలు రెండు. కొత్త వెర్షన్ పాతదాని స్థానంలోకి వచ్చిందా, లేక దాని పక్కన చేరిందా? పక్కన చేరితే, ఆ పాతదానికి భద్రతా సవరణలు ఇంకా వస్తున్నాయా? ఒక్కొక్క ఫ్రేమ్‌వర్క్‌కూ ఈ రెండింటికి జవాబు వేరుగా ఉంటుంది కనుక, అన్నింటికీ కలిపి ఒకే సలహా ఇచ్చేవారిని నేను నమ్మను.

డాట్‌నెట్ ఫ్రేమ్‌వర్క్ విషయంలో ఈ తేడా స్పష్టంగా కనిపిస్తుంది. 2002లో 1.0గా మొదలైన ఈ ఫ్రేమ్‌వర్క్‌కు 2005లో 2.0, 2006లో 3.0, 2007లో 3.5 వచ్చాయి. పేరుకు ఇవి మూడు వెర్షన్లే అయినా లోపల నడిచే యంత్రాంగం ఒక్కటే, 3.0, 3.5 రెండూ 2.0 మీద కట్టిన అంతస్తులు. అందువల్ల 3.5 ఉంటే తక్కిన రెండూ అందులోనే ఉన్నట్టు. 2010లో వచ్చిన 4.0 మాత్రం కొత్త యంత్రాంగంతో వచ్చింది, అది 3.5ను తొలగించలేదు, దాని పక్కన చేరింది. ఆ తరువాత 2012లో వచ్చిన 4.5 నుంచి 2022లో వచ్చిన 4.8.1 వరకు ప్రతి వెర్షనూ తనకు ముందున్న నాలుగో శ్రేణి వెర్షన్‌ను తుడిచి దాని చోటనే కూర్చుంటుంది. ఒకే కంప్యూటర్‌లో 4.6నూ 4.8నూ కలిపి ఉంచడం సాధ్యమే కాదు కాబట్టి, 4.6ను తీసేయాలా అన్న ప్రశ్నకు అర్థమే లేదు. 4.0 కోసం రాసిన ప్రోగ్రాములు 4.8 మీద నడుస్తాయి. 2.0 కోసమో 3.5 కోసమో రాసినవి మాత్రం, వాటి కాన్ఫిగరేషన్ ఫైలులో ప్రత్యేకంగా అనుమతి రాసి ఉంటే తప్ప, నాలుగో శ్రేణి మీద వాటంతటవి నడవవు.

ఇక్కడ చాలామంది పొరపడే చోటు ఒకటుంది. విండోస్ ఫోల్డర్ లోపలి మైక్రోసాఫ్ట్ డాట్‌నెట్ ఫోల్డర్‌లోకి వెళితే వి4.0.30319 అనే పేరు కనిపిస్తుంది. కంప్యూటర్‌లో 4.8 ఉన్నా ఆ ఫోల్డర్ పేరు మారదు, ఎందుకంటే అది యంత్రాంగం సంఖ్యే కానీ ఫ్రేమ్‌వర్క్ సంఖ్య కాదు. ‘4.0 ఇంకా ఎందుకు పడి ఉంది’ అనుకుని ఆ ఫోల్డర్ మీద చెయ్యి వేసినవారు, తమ దగ్గరున్న అతి కొత్త వెర్షన్‌నే చెరపబోతున్నారన్నమాట. అసలు వెర్షన్ తెలియాలంటే, విండోస్ తన అమరికలను దాచుకునే రిజిస్ట్రీలో నాలుగో శ్రేణి కింద ‘రిలీజ్’ అనే విలువను చూడాలి. అది 528040 లేదా అంతకు మించి ఉంటే 4.8, 533320 లేదా అంతకు మించి ఉంటే 4.8.1.

కాబట్టి డాట్‌నెట్ ఫ్రేమ్‌వర్క్‌లో మిగిలే ప్రశ్న ఒక్కటే: 3.5 కావాలా, వద్దా? విండోస్ 10లో అది మొదట ఆపివేసే ఉంటుంది. అవసరమైన పాత ప్రోగ్రామును తెరిచినప్పుడు ఈ ఫీచర్ కావాలని విండోసే అడిగి, డౌన్‌లోడ్ చేసుకుంటుంది. దానికి మద్దతు 2029 జనవరి వరకు ఉంది గనుక, అది ఆన్ అయి ఉన్నంత మాత్రాన కంగారుపడనక్కరలేదు. అవసరం తీరితే విండోస్ ఫీచర్ల పెట్టెలో గడి మీద టిక్కు తీసేస్తే సరిపోతుంది. ఇంటర్నెట్ లేనిచోటో, కార్యాలయపు అప్‌డేట్ సర్వర్ అడ్డుపడేచోటో మాత్రం దాన్ని మళ్లీ తెచ్చుకోవడం అంత సులభం కాదు. 0ఎక్స్800ఎఫ్081ఎఫ్ అనే లోపసంఖ్యతో చాలామందికి పరిచయం అయ్యేది అప్పుడే. అటువంటి కంప్యూటర్లలో ఉన్నదాన్ని ఉండనివ్వడమే మేలు.

2016లో డాట్‌నెట్ కోర్‌గా మొదలై, 2020లో వచ్చిన 5 నుంచి కోర్ అన్న మాటను వదిలేసుకున్న కొత్త డాట్‌నెట్ తీరు దీనికి పూర్తిగా వేరు. ఇక్కడ 6, 7, 8 అన్నవి ఒకదాని పక్కన ఒకటి ఉంటాయి. 6 కోసం తయారైన ప్రోగ్రాము 8 ఉంది కదా అని దానితో సరిపెట్టుకోదు. ఒకే శ్రేణిలోని తాజా సవరణను మాత్రం తనంతట తాను ఎంచుకుంటుంది. పైగా వీటి ఆయుష్షు చిన్నది. దీర్ఘకాల మద్దతు అని పేరున్న వాటికి కూడా మూడేళ్లే: 6కు 2024 నవంబర్ 12తో ముగిసింది, 8కి 2026 నవంబర్ 10తో ముగుస్తుంది. అంటే పాత డాట్‌నెట్ ఫ్రేమ్‌వర్క్‌లో 2007 నాటి 3.5కు ఇంకా సవరణలు వస్తుండగా, కొత్త డాట్‌నెట్‌లో 2021 నాటి 6కు రావడం లేదు. వయసును చూసి తీర్పు చెప్పడం ఎందుకు తప్పో చూపడానికి ఇంతకన్నా మంచి ఉదాహరణ నాకు దొరకలేదు.

అందుచేత మద్దతు ముగిసిన డాట్‌నెట్ రన్‌టైమ్‌ను తీసేయడంవైపే నేను మొగ్గుతాను, కానీ ముందు దాని మీద ఆధారపడిన ప్రోగ్రాముకు కొత్త వెర్షన్ ఉందేమో చూడాలి. కమాండ్ ప్రాంప్ట్‌లో డాట్‌నెట్ అని రాసి, రెండు అడ్డగీతల తరువాత లిస్ట్-రన్‌టైమ్స్ అని చేర్చి ఎంటర్ నొక్కితే ఏవేవి ఉన్నాయో వరుసగా వస్తాయి. వాటిని ఏ ప్రోగ్రాము వాడుతోందో మాత్రం అది చెప్పదు. ఇంకొక సంగతి: కొన్ని ప్రోగ్రాములు తమ రన్‌టైమ్‌ను తమ ఫోల్డర్‌లోనే మోసుకొస్తాయి. అవి ఈ జాబితాకు ఎక్కవు, విండోస్ అప్‌డేట్ వాటిని సరిచేయదు. జాబితా శుభ్రంగా ఉన్నంత మాత్రాన కంప్యూటర్‌లో పాత రన్‌టైమ్ లేదని అనుకోవడానికి వీల్లేదు.

విజువల్ సి++ రన్‌టైమ్‌ల సంగతి నేను చేతులు కాల్చుకుని తెలుసుకున్నది. ఒకసారి జాబితాను శుభ్రం చేయాలన్న ఉత్సాహంలో 2015-2022ను మాత్రం ఉంచి, అంతకు ముందువన్నీ వరుసగా తీసేశాను. మూడు వారాల పాటు ఏ ఇబ్బందీ రాలేదు; నిర్ణయం సరైనదేనని కూడా అనుకున్నాను. ఆ తరువాత ఒకరోజు స్కానర్ ప్రోగ్రామును తెరిస్తే, ఎం.ఎస్.వి.సి.ఆర్.100 అనే డి.ఎల్.ఎల్. (ప్రోగ్రాములు పిలిచి వాడుకునే లైబ్రరీ ఫైలు) కనబడలేదు కాబట్టి మొదలుపెట్టలేనని ఒక చిన్న పెట్టె వచ్చింది. ఆ 100ను చదవడం అప్పటికి నాకు తెలియదు. అది 10.0 అన్న అంతర్గత సంఖ్య, అంటే 2010 రన్‌టైమ్. అలాగే 90 అంటే 2008, 110 అంటే 2012, 120 అంటే 2013, 140 అంటే 2015 నుంచి ఇటువైపువి. ఇది తెలిసిన తరువాత 2010 రన్‌టైమ్‌ను మళ్లీ ఇన్‌స్టాల్ చేశాను, అయినా అదే పెట్టె వచ్చింది. నా కంప్యూటర్ 64 బిట్ కదా అని 64 బిట్ రకమే వేశాను. స్కానర్ ప్రోగ్రాము మాత్రం 32 బిట్‌ది. కంప్యూటర్ ఏదన్నది కాదు, ప్రోగ్రాము ఏదన్నదే ఇక్కడ లెక్క. జాబితాలో ప్రతి సంవత్సరానికీ రెండేసి వరుసలు ఎందుకు ఉంటాయో నాకు ఆ సాయంత్రమే అర్థమైంది.

ఈ శ్రేణిలో 2005 నుంచి 2013 వరకు ప్రతి వెర్షనూ విడివిడిగా నిలబడుతుంది. ఒకటి మరొకదాని పని చేయదు. 2015, 2017, 2019, 2022 మాత్రం ఒకే కుటుంబం, అన్నింటికీ కలిపి ఒకే ప్యాకేజీ, కొత్తది వస్తే పాతది దానంతట అదే తొలగిపోతుంది. మద్దతు మాటకొస్తే 2010కి 2020 జూలైలో, 2013కి 2024 ఏప్రిల్‌లో ముగిసింది. అయినా వీటిని ఉంచమనే అంటాను, దానికి కారణం ఉంది. ఈ లైబ్రరీలు తమంతట తాము నడవవు, నెట్‌వర్క్ వైపు చెవి పెట్టుకుని కూర్చోవు. ఒక ప్రోగ్రాము పిలిస్తే తప్ప డిస్క్ మీద కదలకుండా పడి ఉండే ఫైళ్లు. అపాయం ఏదైనా ఉంటే దాన్ని పిలిచే పాత ప్రోగ్రాములోనే ఎక్కువగా ఉంటుంది. తీసేయదలిస్తే ముందు ఆ ప్రోగ్రామును తీసేయాలి. ఒకే సంవత్సరం పేరుతో ఉన్న రెండు మూడు వరుసలలో చిన్న సంఖ్యవి తీసేస్తే సాధారణంగా నష్టం ఉండదు కానీ, వచ్చే లాభం కూడా ఏమీ లేదు.

జావా దగ్గర ఈ వాదన అంతా తలకిందులవుతుంది. వెబ్ పేజీలోనే జావా ప్రోగ్రాములను నడిపే జావా ప్లగిన్ బ్రౌజర్లలో ఉన్న రోజుల్లో, పక్కన మిగిలిపోయిన పాత జావా కదలకుండా పడి ఉండేది కాదు. చెడు ఉద్దేశంతో తయారైన వెబ్ పేజీ ఆ పాతదాన్నే వెతికి వాడుకోగలిగేది. అప్‌డేట్ చేసుకుంటే సురక్షితమన్న హామీని నమ్మి కొత్తది వేసుకున్నవారి కంప్యూటర్లలో కూడా పాతవి అలాగే ఉండిపోయేవి, ఎందుకంటే అప్‌డేట్ తనకు సరిగ్గా ముందున్న ఒక్క వెర్షన్‌నే తీసేసి, అంతకు ముందువాటిని ముట్టుకునేది కాదు. అమెరికా ఫెడరల్ ట్రేడ్ కమిషన్ ఇదే విషయం మీద జావా యజమాని సంస్థ అయిన ఒరాకిల్‌పై అభియోగం మోపింది. 2015 డిసెంబర్‌లో కుదిరిన ఒప్పందం ప్రకారం, పాత వెర్షన్ల సంగతి వినియోగదారులకు తెలియజేసి, వాటిని తొలగించుకునే వీలు కల్పించవలసి వచ్చింది. ఇప్పుడు ప్రధాన బ్రౌజర్లేవీ ఆ ప్లగిన్‌ను నడపవు, 2018లో వచ్చిన జావా 11లో అది అసలు లేదు, కాబట్టి అప్పటంత ప్రమాదం లేదు. అయినా జావా విషయంలో నేను కఠినంగానే ఉంటాను: ఏదైనా ప్రోగ్రాముకు జావా 8 కావాలంటే దాని తాజా సవరణ ఒక్కటే ఉండాలి, తక్కినవి పోవాలి. కార్యాలయాలకు దీనితోపాటు లైసెన్సు చిక్కు కూడా ఉంది. 2019 ఏప్రిల్‌లో ఒరాకిల్ షరతులు మార్చినప్పటి నుంచి, జావా 8కు ఆ తరువాత వచ్చిన సవరణలను వ్యాపార అవసరాలకు ఉచితంగా వాడుకునే వీలు పోయింది.

డిస్క్‌లో చోటు మిగులుతుందన్న కారణంతో తీసేయాలనుకునేవారికి చెప్పవలసింది తక్కువే. విజువల్ సి++ రన్‌టైమ్‌లన్నీ కలిపి తీసేసినా ఒక్క వీడియో ఫైలుకు సరిపడా చోటు దొరకవచ్చు. పాత రన్‌టైమ్‌ల వల్ల కంప్యూటర్ నెమ్మదిస్తుందన్నది కూడా నిజం కాదు, వాడని లైబ్రరీ మెమరీలోకే రాదు.

ప్రోగ్రాములు రాసేవారి కంప్యూటర్ లెక్క వేరు. కొత్త డాట్‌నెట్ ఎస్.డి.కె. (ప్రోగ్రాములు తయారుచేసే ఉపకరణాల మూట) పాత శ్రేణులకు కూడా కోడ్‌ను కంపైల్ చేయగలదు కాబట్టి పాత ఎస్.డి.కె.లను చాలావరకు తీసేయవచ్చు, అవే అసలు చోటు తినేవి. అయితే అలా తయారైన ప్రోగ్రామును పరీక్షించాలంటే ఆ పాత రన్‌టైమ్ ఉండితీరాలి. ప్రాజెక్టు ఫోల్డర్‌లో ఫలానా ఎస్.డి.కె.నే వాడాలని గ్లోబల్ జేసన్ ఫైలు పట్టుబడుతుంటే దాన్ని తీసే ముందు ఆ ఫైలును మార్చుకోవాలి. పైథాన్ వాడేవారు ప్రతి ప్రాజెక్టుకూ విడి ఎన్విరాన్‌మెంట్ పెట్టుకుంటే ఈ గొడవ చాలావరకు తగ్గుతుంది.

రిజిస్ట్రీని శుభ్రం చేస్తామనే ఉపకరణాలతో ఈ పని చేయించడం మాత్రం గోటితో పోయేదానికి గొడ్డలి తెచ్చుకున్నట్టే. విండోస్ తన భాగాలను దాచుకునే విన్ ఎస్ఎక్స్ఎస్ ఫోల్డర్ ఎంత పెద్దదిగా కనిపించినా అందులోని ఫైళ్లను చేతితో తీసేయకూడదు. తీసేదేదైనా కంట్రోల్ ప్యానెల్ నుంచే, పాత స్థితికి తిరిగి వెళ్లడానికి రిస్టోర్ పాయింట్ ఒకటి పెట్టుకున్న తరువాతే, ఒకసారికి ఒక కుటుంబం చొప్పున తీయాలి. తీసిన తరువాత రోజూ వాడే ప్రోగ్రాములతోపాటు, నెలకో ఏడాదికో ఒకసారి తెరిచేవాటిని కూడా గుర్తుపెట్టుకుని తెరిచి చూడాలి. నా స్కానర్ అటువంటిదే కాబట్టి మూడు వారాలు తప్పు బయటపడలేదు. ఇప్పుడు ఏ రన్‌టైమ్ ఏ ప్రోగ్రాము కోసం ఉందో డెస్క్‌టాప్ మీద ఒక చిన్న టెక్స్ట్ ఫైలులో రాసి పెట్టుకుంటున్నాను. అందులో ఆరు వరుసలున్నాయి, 2010 అన్న వరుస పక్కన ‘స్కానర్, 32 బిట్’ అని ఉంది.