ఆదివారాన్ని మిగిల్చే మిషను: అనంతపురం బోరు నీళ్ళకు సెమీ ఆటోమేటిక్

నలుగురున్న ఇంట్లో వారం బట్టలు శనివారం పొద్దున రెండు గంటల్లో తేలిపోవాలి, ఆదివారం వాటి ఊసే ఉండకూడదు. ఈ ఒక్క లెక్కతో చూస్తే అనంతపురం లాంటి బోరు నీళ్ళ ఊరికి 7.5 కేజీల సెమీ ఆటోమేటిక్ మిషనే సరి. అయిదింటికి నాలుగు మార్కులు వేయొచ్చు. కంపెనీ ఏదైనా అమరిక దాదాపు ఒకటే: ఒక పక్క ఉతికే తొట్టి, ఇంకో పక్క పిండే తొట్టి, పైన 15 నిమిషాల టైమరొకటి, 5 నిమిషాల టైమరొకటి.

ఫుల్ ఆటోమేటిక్ అయితే బటన్ నొక్కి పోవచ్చు కదా అంటారు. పోవచ్చు, కానీ ఎంత దూరం? ఒక్కో వాయికి గంట దగ్గర పడుతుంది. మూడు వాయిలంటే మూడు గంటలు, మధ్యమధ్యలో తీసి ఆరేసి మళ్ళీ వేయడానికి ఎవరో ఒకరు ఇంటిపట్టునే ఉండాలి. శనివారం అట్లా ముక్కలుముక్కలైపోతుంది. పైగా దానికి కుళాయిలో ప్రెజరు కావాలి. ట్యాంకు పక్కనే, మిద్దె మీద మిషను పెట్టుకునే ఇళ్ళలో ఆ ప్రెజరు దొరకదు. సెమీకి బిందెతో పోసినా చాలు. మనిషి దగ్గర ఉండాలన్నది నిజమే, కానీ ఒక తొట్టి పిండుతుంటే ఇంకో తొట్టి ఉతుకుతూనే ఉంటుంది. గంటలు మిగిలేది ఇక్కడే.

7.5 కేజీలన్నది పొడి బట్టల బరువు. అంత కుక్కితే తొట్టిలో బట్ట తిరగదు, ముద్దగా ఒకచోటే ఊగుతుంది. అయిదు కేజీల దగ్గర ఆపాలి. డబుల్ దుప్పటి ఒక్కటే కేజీ దాకా తూగుతుంది, జీన్స్ ప్యాంటు ముప్పావు కేజీ, చొక్కా పావు కేజీ. పిండే తొట్టి ఇంకా చిన్నది, ఉతికిన వాయిని రెండుసార్లుగా పిండుకోవాలి.

సబ్బునీళ్ళు ఒక్కసారే కలపాలి, మూడు వాయిలకు వాడాలి. ముందు తెల్లవి, పది నిమిషాలు. అవే నీళ్ళలో రంగువి, ఏడెనిమిది నిమిషాలు. చివర్న పిల్లల ఆట బట్టలు, మసిగుడ్డలు, పూర్తి పదిహేను. కొత్త ఎర్ర బట్ట, రంగు దిగే బాటిక్ చీర ఈ వరసలో వేయకండి, అవి వేరే బకెట్లోనే. తెల్లవి తిరిగే పది నిమిషాల్లో బొరుగులు తడిపి పిండి, ఉల్లిగడ్డ, పచ్చిమిరప తిరగమాత పెట్టి పుట్నాల పొడి చల్లితే ఉగ్గాని అయిపోతుంది. బజ్జీల జోలికి మాత్రం ఆ పూట పోవద్దు, నూనె ముందు నిలబడితే టైమరు మోగినా వినపడదు.

ఎక్కువమంది తప్పు చేసేది జాడించే దగ్గర. సబ్బునీళ్ళలోంచి తీసిన బట్టను నేరుగా మంచినీళ్ళలో వేస్తే నాలుగుసార్లు జాడించినా నురగ పోదు. ముందు రెండు నిమిషాలు పిండే తొట్టిలో తిప్పి సబ్బునీళ్ళు వదిలించాలి. మూడు వాయిలూ ఉతికి సబ్బునీళ్ళు వదిలేశాక, అదే తొట్టిలో మంచినీళ్ళు పట్టి మూడేసి నిమిషాలు రెండుసార్లు జాడిస్తే చాలు, ఆఖర్న నాలుగు నిమిషాల పిండుడు. తొట్టికి 40 నుంచి 50 లీటర్లు పట్టే మిషనులో ఒక జాడింపు తగ్గిందంటే మూడు బిందెల నీళ్ళు మిగిలినట్టే. మిషనును అడుగు ఎత్తు దిమ్మె మీద పెడితే ఆఖరి జాడింపు నీళ్ళు పైపుతో టబ్బులోకి పట్టుకోవచ్చు, ఇల్లు తుడవడానికి అవే. నడుముకూ సుఖం.

మార్కు తెగ్గోసింది పిండే తొట్టికే. బట్టలు ఒకపక్కకు పడితే మిషను గడగడమని గది మధ్యలోకి నడుచుకుంటూ వస్తుంది. బరువైనవి అడుగున, చుట్టూ సమంగా పరిచి, పైన ప్లాస్టిక్ బిళ్ళ గట్టిగా నొక్కాలి. ఆ బిళ్ళ పోగొట్టుకున్న ఇళ్ళలో చేతిరుమాలో మేజోడో ఎగిరి, తొట్టికీ బయటి గోడకీ మధ్య పడి ఇరుసుకు చుట్టుకుంటుంది. అప్పుడు మెకానిక్కును పిలవాల్సిందే. నీళ్ళు పోయే పైపు ఎత్తుగా వేలాడినా తంటానే, పిండిన నీళ్ళు కిందనే నిలిచి తొట్టి వేగం అందుకోదు. మూత ఎత్తాక కొన్ని సెకన్లలో ఆగకపోతే బ్రేకు తీగ వదులైందన్నమాట. బాగుచేయించేదాకా చెయ్యి పెట్టొద్దు. మోటారు మూలుగుతూ తిరక్కపోతే ముందు కెపాసిటర్, అంటే మోటారు తిరగడం మొదలుపెట్టేందుకు ఊతమిచ్చే చిన్న డబ్బీ, చూపించండి, కొత్త మోటారు మాట తర్వాత.

ఇక బోరు నీళ్ళు. వాటిలోని కాల్షియం, మెగ్నీషియం సబ్బును పట్టేసుకుంటాయి. నురగ రాదు, తెల్లవి బూడిద రంగుకు తిరుగుతాయి, నల్ల ప్యాంటు మీద పిండి చల్లినట్టు చారలు కడతాయి. పౌడరు రెట్టింపు చేస్తే చారలూ రెట్టింపవుతాయి. తొట్టి నిండా నీళ్ళకు నాలుగైదు చెంచాల బట్టల సోడా వేసి, అయిదు నిమిషాలు ఆగి, ఆ తర్వాత గోరువెచ్చని నీళ్ళలో కరిగించిన డిటర్జెంట్ పోయండి. పట్టుకూ ఉన్నికీ సోడా పనికిరాదు. రెండు నెలలకోసారి వంద గ్రాముల నిమ్మ ఉప్పు గోరువెచ్చని నీళ్ళలో కలిపి, ఖాళీ తొట్టిలో పది నిమిషాలు తిప్పి, గంట నానబెట్టి వదిలేస్తే అడుగున కట్టిన తెల్ల పెంకు ఊడుతుంది. దాంతోపాటు బ్లీచింగు మాత్రం కలపొద్దు, విషవాయువు పుడుతుంది.

ఆరున్నరకు మొదలుపెడితే ఎనిమిదిన్నరకు బట్టలు దండెం మీద ఉంటాయి. కరెంటు ఒక యూనిట్ కూడా కాలదు. దండేనికి ఇనుప తీగ వద్దు, తుప్పు మరక ఏ సబ్బుకూ లొంగదు. నైలాన్ తాడు కట్టుకుని, రంగువి తిరగేసి ఆరేయండి. మన ఎండకు మధ్యాహ్నానికల్లా మడతకు వస్తాయి. ఆదివారం గుత్తి కోట ఎక్కేవాళ్ళు ఎండ ముదరకముందే ఎక్కి దిగొచ్చు, లేదంటే తాడిపత్రిలో పెన్న ఒడ్డున రామలింగేశ్వరుని గుడి, చింతల వెంకటరమణుని గుడిలో రాతి రథం చూసి రావచ్చు. రెండూ యాభై కిలోమీటర్ల చిల్లరే.

వారంలో ఏ రోజూ ఉదయం రెండు గంటలు దొరకని ఇంటికి మాత్రం ఇది వద్దు, ఫుల్ ఆటోమేటిక్కే కొనుక్కోండి. కొన్నవాళ్ళు మొదటి రోజే మిషను అడుగున జల్లెడ తీగ బిగించుకోండి. కింద తెరిచే ఉంటుంది, ఎలుక దూరి వైర్లు కొరికిందంటే వారంటీలో రాదు.