కోఠి నుంచి అఫ్జల్‌గంజ్ దాకా: హైదరాబాద్ మెడికల్ స్కూల్ తొలినాళ్ల నడకపై సమీక్ష

నగరంలో చారిత్రక నడకలు నిర్వహించే ఒక చిన్న బృందం, హైదరాబాద్ మెడికల్ స్కూల్ తొలినాళ్ల కథను తెలుగులో చెబుతూ ఆదివారం ఉదయం కోఠి నుంచి అఫ్జల్‌గంజ్ దాకా నడిపిస్తోందని తెలిసి, ఈ మధ్య మా అమ్మాయితో కలిసి వెళ్లివచ్చాను. మూడు గంటల నడకకు మనిషికి 400 రూపాయలు తీసుకున్నారు. నేటి ఉస్మానియా వైద్య కళాశాలకు మూలం ఆ బడే. మా ఇంట్లో రెండు తరాలవారికి ప్రాణం మీదికి వచ్చినప్పుడల్లా ఉస్మానియా ఆసుపత్రే దిక్కయింది కనుక, ఈ కథ నాకు పరాయిది కాదు.

నడక పాత బ్రిటిష్ రెసిడెన్సీ భవనం దగ్గర మొదలైంది. నాలుగో నిజాం నాసిరుద్దౌలాకు రెసిడెన్సీ సర్జన్ డాక్టర్ విలియం కాంప్‌బెల్ మెక్లీన్ చికిత్స చేయడం, ఆ వైద్యంపై నిజాంకు గురి కుదరడం, నిజాం కొలువులో బ్రిటిష్ ప్రతినిధి (రెసిడెంట్) అయిన జనరల్ ఫ్రేజర్ ప్రోత్సాహంతో 1846లో బడి ప్రారంభం కావడం, ఇవన్నీ మార్గదర్శకుడు తొందరపడకుండా చెప్పారు. అయితే నన్ను ఎక్కువగా ఆకట్టుకున్నది బోధన భాష గురించి ఆయన చెప్పిన భాగం. ఇంగ్లీషు రాని స్థానిక యువకులకు పాశ్చాత్య వైద్యాన్ని ఉర్దూలో బోధించి, చదువు పూర్తిచేసినవారికి హకీం పట్టా ఇచ్చేవారట. దాదాపు నాలుగు దశాబ్దాలు ఆ పద్ధతి నడిచింది. మన పిల్లలు వైద్యాన్ని మాతృభాషలో చదవగలరా అని నేటికీ సందేహించేవారు ఒక్కసారి ఇక్కడికి వచ్చి ఈ మాటలు వినాలని నా కోరిక.

1885లో డాక్టర్ ఎడ్వర్డ్ లారీ రాకతో బడి స్వరూపం మారింది, ఇంగ్లీషు బోధనలోకి వచ్చింది, స్త్రీలకూ ప్రవేశం దొరికింది. వారిలో పార్సీ యువతి రూపాబాయి ఫర్దూన్‌జీ 1889లో చదువు ముగించి, శస్త్రచికిత్సకు ముందు రోగులకు క్లోరోఫారం అనే మత్తుమందు ఇచ్చే పనిలో స్థిరపడ్డారు. ప్రపంచంలో తొలి మహిళా మత్తు వైద్యురాలిగా నేడు ఆమెకు గుర్తింపు ఉంది. ఈ సందర్భంలో మార్గదర్శకుడు చేసి చూపించినది ఎంతో బాగుంది. జేబురుమాలును గరాటులా చుట్టి, లోపల కొద్దిగా నీళ్లు చిలకరించి, దానిని మా అమ్మాయి ముక్కుకు కాస్త ఎడంగా పట్టుకుని, చూపు మాత్రం ఆమె ఛాతీ మీదే నిలిపారు. నాడి కన్నా శ్వాసనే గమనిస్తూ ఉండాలన్నది లారీ సూత్రమని ఆ తరువాత వివరించారు. పుస్తకంలో పది పేజీలు చదివినా అంత స్పష్టంగా బోధపడి ఉండేది కాదు.

నా అసంతృప్తి కూడా ఇక్కడే. క్లోరోఫారం మత్తులో మరణాలు ఎలా సంభవిస్తాయో తేల్చేందుకు 1888, 1889 సంవత్సరాల్లో జరిగిన హైదరాబాద్ క్లోరోఫారం కమిషన్లను కేవలం నగర కీర్తిగానే చెప్పి ముగించారు. ఆరో నిజాం ధనసహాయం చేయడం, లండన్ నుంచి వైద్య శాస్త్రవేత్త లాడర్ బ్రంటన్ రావడం, వందల జంతువులపై ప్రయోగాలు జరగడం నిజమే. కానీ క్లోరోఫారం వల్ల ముందు శ్వాసే ఆగుతుంది తప్ప గుండె నేరుగా ఆగదన్న ఆ కమిషన్ తీర్పు నిలవలేదు. 1911లో బ్రిటిష్ వైద్య పరిశోధకుడు గుడ్‌మన్ లెవీ, తేలికపాటి క్లోరోఫారం మత్తులో గుండె లయ తప్పి హఠాత్తుగా ఆగిపోవచ్చని ప్రయోగపూర్వకంగా చూపారు. ఈ సంగతి చెప్పినంత మాత్రాన బడి గౌరవం తగ్గదు. ప్రపంచం తర్కించి తేల్చుకోవలసిన ప్రశ్నను మన ఊరు అంత పట్టుదలగా ముందుకు తెచ్చిందని చెప్పడం నా దృష్టిలో మరింత గొప్ప విషయం. అడిగితే సమయం లేదన్నారు. దారిలో టీ కోసం అరగంట ఆగిన నడకకు ఆ జవాబు తగదు.

చివరి మజిలీ అఫ్జల్‌గంజ్. 1908 సెప్టెంబరు 28 నాటి మూసీ వరదలో అక్కడి పాత ఆసుపత్రి కొట్టుకుపోగా, ప్రాంగణంలోని చింతచెట్టెక్కి సుమారు 150 మంది బతికారు. ఆ చెట్టు ఇంకా ఉంది. మా అమ్మాయి బెరడు మీద అరచేయి ఆనించి, కొమ్మలు ఎంత ఎత్తున మొదలయ్యాయో లెక్కగట్టి, పిల్లలను ఎవరు పైకి అందించి ఉంటారని అడిగింది. గుంపులో ఎవరి దగ్గరా జవాబు లేదు. వరద తరువాత విన్సెంట్ ఎష్ రూపకల్పనలో లేచిన ఉస్మానియా ఆసుపత్రి గుమ్మటాలను మాత్రం బయటి నుంచే చూడాలి. 2020 జులైలో వార్డుల్లోకి వాననీరు చేరడంతో ఆ పాత భవనాన్ని ఖాళీ చేయించారు.

రోగులు, వారి సహాయకులు తిరిగే చోట గుంపును పక్కకు నిలిపి, ఫోటోలు తీయవద్దని ముందే చెప్పిన నిర్వాహకుల మర్యాదను మెచ్చుకోవాలి. మైకు లేనందువల్ల కోఠి రద్దీలో వెనుక నిలబడినవారికి సగం మాటలు వినబడలేదు. తాగునీరు కూడా ఎవరిది వారే తెచ్చుకోవలసి వచ్చింది. ఐదుకు నాలుగు ఇస్తున్నాను. పదేళ్లు దాటిన పిల్లలతో వెళ్లేవారు ముందు వరుసలో నిలబడండి, లెవీ గురించి తప్పక అడగండి.