రైలు మారే ఊళ్లో ఫుట్‌బాల్: ఇరూన్ యాత్ర

స్పెయిన్ ఉత్తర భాగంలో, ఫ్రాన్స్ సరిహద్దులో ఉన్న ఇరూన్‌లో ఎక్కువమంది దిగేది రైలు మారడానికే. రెండు దేశాల పట్టాల వెడల్పు వేరు కదా. మనకు గుంతకల్ ఎలాగో వాళ్లకు ఇరూన్ అలాగ. నేను మాత్రం ఇక్కడి ఫుట్‌బాల్ క్లబ్ రియల్ యూనియన్ కోసమే వెళ్లాను.

దాదాపు 60 వేల జనాభా ఉన్న ఊరు. 1915లో స్థానిక జట్లు రెండు కలిసి ఈ క్లబ్ అయ్యాయి. 1918, 1924, 1927లో స్పెయిన్ జాతీయ కప్పు కోపా డెల్ రే గెలిచింది. మొదటి రెండు ఫైనల్స్‌లో ఓడింది మాడ్రిడ్ జట్టే! 1929లో స్పెయిన్ అగ్రశ్రేణి లీగ్ లా లిగా మొదలైనప్పుడు ఆడిన పది జట్లలో ఇదొకటి. ఆ లీగ్‌లో తొలి గోల్ పడింది కూడా వీళ్ల మీదే. అప్పటి గోల్‌కీపర్ ఆంటోనియో ఎమెరీ, ఇప్పుడు కోచ్‌గా పేరున్న ఉనాయ్ ఎమెరీకి తాత. 1932లో పై డివిజన్ నుంచి జారిపోయాక మళ్లీ అక్కడికి ఎక్కలేదు. 2021లో క్లబ్ ఉనాయ్ కుటుంబం చేతికి వచ్చింది.

నన్ను ఇంత దూరం లాక్కొచ్చింది మాత్రం 2008 కథ. అప్పుడు మూడో డివిజన్‌లో ఉన్న ఈ జట్టు కోపా డెల్ రేలో సొంతగడ్డపై రియల్ మాడ్రిడ్‌ను 3-2తో ఓడించింది. మాడ్రిడ్ వెళ్లి 3-4తో ఓడింది. మొత్తం 6-6. సమమైతే ఎదుటివాళ్ల మైదానంలో ఎక్కువ గోల్స్ కొట్టినవాళ్లే ముందుకెళ్తారు; రియల్ యూనియన్‌వి మూడు, మాడ్రిడ్‌వి రెండు కాబట్టి పోటీ నుంచి ఇంటికెళ్లింది మాడ్రిడే. మరుసటి ఏడాది 44 ఏళ్ల తర్వాత రెండో డివిజన్‌కు ఎక్కారు, ఒక్క సీజన్‌కే దిగిపోయారు.

ఆ గెలుపు మొదలైన స్టేడియం గాల్‌లో మ్యాచ్ చూడటం నాకు బాగా నచ్చింది. కోచ్ అరుపులు స్టాండ్‌లోకి వినిపిస్తాయి. చుట్టూ ఉన్న పెద్దాయనలు రిఫరీని తిట్టే తీరు వింటే భాష రాకపోయినా విషయం అర్థమవుతుంది. ఒక చిక్కుంది: కింది డివిజన్లలో మ్యాచ్ రోజు, టైమ్ చివర్లో గానీ ఖరారు కావు. రద్దు చేసుకోగలిగే గదే బుక్ చేసుకోండి.

బస ఎక్కడ? దగ్గర్లోని శాన్ సెబాస్టియన్ అందమైన ఊరే, కానీ వేసవిలో అద్దెలు వింటే టెన్షన్ వస్తుంది. టోపో అనే లోకల్ రైలు అక్కడి నుంచి ఇరూన్‌కు ముప్పావు గంటలోపే చేరుస్తుంది, చాలా సౌకర్యం. అందుకే ఇరూన్‌లోనే దిగాను. స్టేషన్ దగ్గర చిన్న లాడ్జి. గది శుభ్రం, లిఫ్ట్ లేదు, పెట్టెలు మోసుకుంటూ మూడంతస్తులు. పెద్దవాళ్లతో వెళ్తే ముందే అడగండి. శాకాహారులకు బార్లలో బంగాళాదుంప ఆమ్లెట్, వేయించిన పచ్చిమిర్చి దొరుకుతాయి. గుడ్డు కూడా తిననివాళ్లకు కష్టమే. రాత్రి భోజనం ఎనిమిదిన్నర దాటితే గానీ మొదలుకాదు.

సరిహద్దులోని బిదాసోవా నదిలో ఉన్న ఫెజెంట్ పక్షుల దీవి ఆరు నెలలు స్పెయిన్‌ది, ఆరు నెలలు ఫ్రాన్స్‌ది. వినడానికే బాగుంటుంది, లోపలికి వెళ్లనివ్వరు, ఒడ్డు నుంచి చూస్తే దాదాపు చెట్లే కనిపిస్తాయి. ఆ సమయం పక్కనున్న ఒండర్రిబియా పాత కోటవీధులకు ఇవ్వండి. అక్కడి నుంచి పడవెక్కితే కొద్ది నిమిషాల్లో ఫ్రాన్స్‌లోని అందాయ్ బీచ్. సరిహద్దులో ఒక్కోసారి తనిఖీలు ఉంటాయి, పాస్‌పోర్టు గదిలో వదిలి వెళ్లకండి.