ఒక్క జీతం ఎక్కువ పడినందుకు 193 పౌండ్ల ట్యాక్స్ బాకీ, బాలాజీ కాలనీ దగ్గర మేము పోయిన ట్యాక్స్ ఆఫీసు

రేటింగ్ 5కి 4.5. ఆ అర ఎందుకు తగ్గించినానో కింద రాస్తాను.

మా చెల్లెలు యూకేలో ఒక కేర్ హోమ్‌లో పని చేస్తుంది. 2024 ఆగస్టులో పిల్లోడికి తలనీలాలు ఇయ్యాలని తిరుపతికి వచ్చింది. కొండ మీద పని ముగించుకొని ఇంటికొచ్చినాం, చేతిలో లడ్డు కవర్ ఇంకా కింద పెట్టలేదు, అక్కడ ఆమెతో పాటు ఉండే అమ్మాయి వాట్సాప్‌లో ఒక లెటర్ ఫోటో పెట్టింది. హెచ్ఎంఆర్‌సీ నుంచి, అంటే అక్కడి ఇన్‌కం ట్యాక్స్ వాళ్ల నుంచి. పీ800 అంటారంట దాన్ని. 2023-24కి నువ్వు 193 పౌండ్ల చిల్లర ట్యాక్స్ తక్కువ కట్టినావు అని ఉంది. మన దుడ్లల్లో 20 వేల పైమాటే. ప్రతి జీతంలోనూ కంపెనీయే ట్యాక్స్ పట్టుకొనే ఇస్తుంది కదా, ఈమె చేతికి వచ్చేదే మిగిలింది, మళ్లీ తక్కువ కట్టడం ఏంది అని ఎవరికీ అర్థం కాలేదు.

ముందు పోయింది వేరే చోటికి, పేరు చెప్పను. ఆయన ఫోన్లో ఫోటోని అర నిమిషం చూసి ఇది పెనాల్టీ దాకా పోతుంది, రేపు వీసా ఎక్స్‌టెన్షన్‌కి అడ్డం పడుతుంది, 15 వేలు ఇస్తే అప్పీల్ రాసి పంపిస్తా అన్నాడు. వీసా అనే మాట ఎత్తితే అక్కడ పని చేసుకునే పిల్లలకి కాళ్లూ చేతులూ ఆడవు. ఆ రాత్రి చెల్లెలు అన్నం తినలేదు, పిల్లోడిని ఒళ్ళో పెట్టుకొని అట్లే గోడకి ఆనుకొని కూర్చుంది. నాకు ఇప్పటికీ ఆ మనిషి మీద కోపం పోలేదు.

మా ఆఫీసులో ఒకాయన చెప్తే మరుసటి రోజు సాయంత్రం ఇక్కడికి పోయినాం. మేడ మీద చిన్న రూము, నాలుగు స్టీలు కుర్చీలు, గోడకి టీటీడీ క్యాలెండర్, బీరువా పైన తాడు కట్టిన ఫైళ్లు. సార్‌కి అరవై దాటినట్టుంది. లెటర్ ఇస్తే దాన్ని పక్కన పెట్టి ముందు అడిగిన మాట ఏందంటే, "పాపా, నీకు జీతం నెలకొకసారా, వారానికా?" అని. నాలుగు వారాలకొకసారి సార్, శుక్రవారం పడుతుంది అంది. ఆయన ఇంకేం మాట్లాడకుండా లేచి బీరువా వెనక నుంచి 2023 క్యాలెండర్ బయటికి తీసినాడు, గోడ మీది 2024ది కూడా దించి రెండూ టేబుల్ మీద పరిచి ఎర్ర పెన్నుతో శుక్రవారాలకి సున్నాలు చుట్టడం మొదలుపెట్టినాడు.

యూకేలో ట్యాక్స్ సంవత్సరం ఏప్రిల్ 6న మొదలై మళ్లీ ఏప్రిల్ 5తో అయిపోతుంది. ఈమె మొదటి జీతం తేదీ 2023 ఏప్రిల్ 7, ఆ రోజు గుడ్ ఫ్రైడే, బ్యాంకులు సెలవు కాబట్టి ఒకరోజు ముందే 6వ తేదీన పడింది, అది సరిగ్గా సంవత్సరం మొదటి రోజు. అక్కడి నుంచి 28 రోజులకొక సున్నా, మే 5, జూన్ 2, జూన్ 30 అట్లా పోతా పోతా 2024 మార్చి 8కి 13 సున్నాలు అయినాయి. సార్ పెన్ను ఆపి మా చెల్లెలి వైపు చూసి, ఏప్రిల్ 5 మీద ఇంకొక సున్నా పెట్టినాడు. శుక్రవారం. సంవత్సరానికి ఆఖరి రోజు. 14వ జీతం.

13 సార్లు 28 అంటే 364 రోజులు. సంవత్సరానికి ఒకరోజు మిగులుతుంది, లీపు సంవత్సరం అయితే రెండు. ఆ మిగిలిన రోజు మీద జీతం తేదీ వచ్చి పడితే ఆ ఏడు ఒక జీతం ఎక్కువ. ఇది బోనస్ కాదు, పని చేసిన జీతమే, తేదీలు కుదరడం వల్ల ఒకే ట్యాక్స్ సంవత్సరంలోకి వచ్చింది, అంతే.

మరి ట్యాక్స్ ఎట్ల తక్కువైంది? అక్కడ ఏడాదికి 12,570 పౌండ్ల వరకు ట్యాక్స్ లేదు. నాలుగు వారాలకి లెక్కేస్తే దాంట్లో 967 వస్తుంది. ఈమెకి ఒక్కో జీతం సుమారు 1,600. 967 తీసేసి మిగతా 633 మీద 20 శాతం, అంటే దగ్గర దగ్గర 127 పౌండ్లు ప్రతిసారీ పట్టుకున్నారు. 13 జీతాలతో ఏడాది కోటా 12,570 అయిపోయింది. కానీ 14వ జీతానికి కూడా రూల్ ప్రకారం మళ్లీ కొత్తగా 967 మినహాయింపు ఇచ్చి ట్యాక్స్ వేసినారు. సార్ దీన్ని రేషన్ షాపు లెక్కలో చెప్పినాడు, ఏడాది కోటా 13 సార్లకే అయిపోయింది, 14వసారి పోయినా డీలరు వెనక్కి పంపకుండా బియ్యం పోసినాడు, ఏడాది చివర రిజిస్టర్ చూస్తే ఒకసారిది ఎక్కువ పోయింది అని తేలింది.

14 జీతాలు కలిపితే 22,400. దాంట్లో 12,570 తీసేస్తే 9,830, దాని మీద 20 శాతం 1,966. పట్టుకుంది 1,772. తేడా 193 చిల్లర. కాల్‌క్యులేటర్‌లో ఆ అంకె వచ్చినప్పుడు చెల్లెలు గట్టిగా ఊపిరి వదిలింది, నాకు పక్కన వినపడింది.

ఆ 14వ జీతానికి మినహాయింపు ఇయ్యకపోయి ఉంటే 1,600 మొత్తం మీద 320 పౌండ్లు ఒకేసారి పోయేది, ఇంటి అద్దె కట్టుకునేవాళ్లకి అది పెద్ద దెబ్బ, అందుకే అప్పటికి వదిలేసి తర్వాత వసూలు చేస్తారు అని కూడా సార్ చెప్పినాడు. నాకు ఇది న్యాయంగానే అనిపించింది, కాకపోతే ముందే ఎవరైనా చెప్పుంటే బాగుండేది. పాపం ఆమె ఆ 14వ జీతం మొత్తం అమ్మ కంటి ఆపరేషన్‌కి పంపేసింది.

ఆ 14వ జీతం పేస్లిప్ ఫోన్లో తీయమన్నాడు. ట్యాక్స్ కోడ్, అంటే ఏడాదికి ఎంత మినహాయింపు ఇయ్యాలో కంపెనీకి చెప్పే గుర్తు, 1257ఎల్ అని ఉంది, దాని పక్కన డబ్ల్యూ1 అని ఉంది, అంతకు ముందు పేస్లిప్పుల్లో ఆ డబ్ల్యూ1 లేదు. ఆ జీతాన్ని మిగతా సంవత్సరంతో కలపకుండా విడిగా లెక్క కట్టినారని దానికి అర్థం అంట. తర్వాత పీ60లో, అంటే ఏడాది చివర కంపెనీ ఇచ్చే లెక్క కాగితంలో ఉన్న మొత్తం జీతం, మొత్తం ట్యాక్స్ లెటర్‌లో అంకెలతో సరిపోతున్నాయా అని ఒక్కొక్కటి టిక్ పెట్టుకుంటా చూసినాడు. అన్నీ సరిపోయినాయి.

అప్పుడు అన్నాడు, "లెటర్ కరెక్టే తల్లీ, దీంట్లో నేను చేసే పని ఏమీ లేదు. పెనాల్టీ లేదు, నువ్వు దాచింది ఏమీ లేదు. నువ్వు అదే ఉద్యోగంలో ఉంటావు కదా, వచ్చే ఏడాది జీతంలో కొంచెం కొంచెం పట్టుకుంటారు." అప్పీల్ అవసరం లేదా సార్ అని నేనే అడిగినా. కరెక్ట్‌గా ఉన్నదాని మీద అప్పీల్ ఏముంది బాబూ అన్నాడు. ఫీజు 300 తీసుకున్నాడు, దానికి రసీదు రాసిచ్చినాడు. 15 వేలు అడిగిన చోట కూర్చోబెట్టింది ఐదు నిమిషాలు, ఇక్కడ 300కి ముప్పావు గంట. ఇంకొకటి కూడా గట్టిగా చెప్పినాడు, ట్యాక్స్ బాకీ, రీఫండ్ అని మెసేజ్‌లో లింకు వస్తే నొక్కొద్దు, మీరే మీ అకౌంట్‌లోకి పోయి చూసుకోండి అని.

నా పని కూడా అదే రోజు చూపించుకున్నా. 2023-24 మధ్యలో నేను కంపెనీ మారినా, పాత కంపెనీ, కొత్త కంపెనీ ఇద్దరూ స్టాండర్డ్ డిడక్షన్ 50,000 విడివిడిగా ఇచ్చేసినారు, శ్లాబులు కూడా ఇద్దరూ మొదటి నుంచి లెక్కేసినారు, రిటర్న్ వేసేటప్పుడు చూస్తే ట్యాక్స్ తక్కువ, దాని మీద వడ్డీ. కొత్త కంపెనీకి ఫారం 12బీలో పాత జీతం చెప్పుంటే ఇది వచ్చేది కాదంట. చెల్లెలిదీ నాదీ రోగం ఒకటే, ఏడాదికి ఒకసారి రావాల్సిన మినహాయింపు అంతకంటే ఎక్కువసార్లు వాడేసినాం. ఆమెకి వడ్డీ లేదు, నాకు పడింది.

మీ ఇళ్లల్లో పిల్లలు యూకేలో ఉంటే జీతం ఏ రోజు పడుతుందో కనుక్కోండి. నెల జీతం వాళ్లకి ఈ గొడవ లేదు. వారం జీతం అయితే ఇట్లా వచ్చే తేడా 48 పౌండ్ల దగ్గర ఉంటుంది, రెండు వారాలది అయితే 97 దాకా, నాలుగు వారాలది అయితే మాదే చూసినారు కదా. ఏప్రిల్ 5న, లీపు సంవత్సరం అయితే 4న గానీ 5న గానీ జీతం పడితే ఆ మేరకు పక్కన పెట్టుకోమని చెప్పండి.

ఇంక అర మార్కు ఎందుకు తగ్గించినానంటే ఫోన్ ఎత్తరు, నేను నాలుగుసార్లు చేసినా. టోకెన్ లేదు, గంటంబావు కూర్చున్నాం. మెట్లు బాగా నిటారుగా ఉన్నాయి, అమ్మ ఎక్కలేక కింద టీ అంగడి దగ్గర పిల్లోడిని పెట్టుకొని ఉండిపోయింది. పెద్దోళ్లని తీసుకుపోతే ఇది చూసుకోండి. సాయంత్రం ఐదున్నర తర్వాతే ఉంటారు, జులై 31 లోపల అయితే రిటర్నుల రద్దీకి లోపలికి అడుగు పెట్టలేరు అని పక్కన కూర్చున్నాయన చెప్పినాడు.

2025 ఫిబ్రవరిలో చెల్లెలికి కొత్త కోడ్ వచ్చింది, 1160ఎల్, అంటే ఏడాది మినహాయింపు 11,600 దగ్గరికి తగ్గించినారు. మే 2 జీతం పేస్లిప్ పంపింది, సార్ కాగితం మీద రాసిచ్చినట్టే 15 పౌండ్ల దాకా ఎక్కువ పట్టుకున్నారు. ఆ కాగితం అమ్మ మందుల చీటీల డబ్బాలో పెట్టుకొని ఉంది.