ఓ.ఇ.టి. పరీక్ష గురించి: జి.ఎన్.ఎం. చదివిన మన అమ్మాయిల కోసం

మాది కవిటి దగ్గర పల్లెటూరు. పదో తరగతి దాకా తెలుగు మీడియం, తర్వాత శ్రీకాకుళంలో జి.ఎన్.ఎం. (నర్సింగ్ డిప్లొమా). ఇప్పుడు డయాలసిస్ యూనిట్‌లో స్టాఫ్ నర్సుగా చేస్తున్నాను. యూకేలో నర్సుగా రిజిస్ట్రేషన్ కోసం ఓ.ఇ.టి. (ఆక్యుపేషనల్ ఇంగ్లిష్ టెస్ట్, అంటే వైద్యరంగంలో పనిచేసేవాళ్ల కోసం పెట్టే ఇంగ్లిష్ పరీక్ష) రాసి పాసయ్యాను. అన్ని రంగాల వాళ్లూ రాసే ఇంగ్లిష్ పరీక్ష ఐ.ఇ.ఎల్.టి.ఎస్. మంచిదా, ఓ.ఇ.టి. మంచిదా అని మా జూనియర్లు అడుగుతూనే ఉంటారు. నర్సింగ్ చదివిన వాళ్లు ఓ.ఇ.టి.కే వెళ్లండి అంటాను.

ఇది ఆస్ట్రేలియాలో పుట్టిన పరీక్ష. నర్సులు, డాక్టర్లు, ఫార్మసిస్టులు ఇలా 12 వృత్తుల వాళ్లు రాస్తారు. లిజనింగ్, రీడింగ్ అందరికీ ఒకటే. రైటింగ్, స్పీకింగ్ మాత్రం ఎవరి వృత్తికి వాళ్లకు వేరు. మనకు కలిసొచ్చేది అక్కడే. ఐ.ఇ.ఎల్.టి.ఎస్.లో నగరాల గురించో, టెక్నాలజీ గురించో వ్యాసం రాయమంటారు. ఇందులో పేషెంటు కేసు వివరాలు చేతికిచ్చి ఉత్తరం రాయమంటారు. ఆపరేషన్ అయి ఇంటికెళ్తున్న ముసలాయన ఉన్నాడనుకోండి, ఇకమీదట ఆయన్ని చూసుకునే నర్సుకి ఏం తెలియాలో అది రాయాలి. డ్యూటీ దిగేటప్పుడు హ్యాండోవర్ ఇవ్వడం, అంటే తర్వాత వచ్చే నర్సుకి పేషెంట్ల సంగతి అప్పజెప్పడం వచ్చిన వాళ్లకు ఈ పని కొత్త కాదు.

రైటింగ్‌కి 45 నిమిషాలు. మొదటి 5 నిమిషాలు చదవడానికే, పెన్ను ముట్టకూడదు. ఉత్తరం 180 నుంచి 200 పదాల్లో ఉంటే చాలు. ఇచ్చిన వివరాల్లో సగం పనికిరానివే ఉంటాయి. ఆయనకి ఎప్పుడో చిన్నప్పుడు జరిగిన ఆపరేషన్, కొడుకు ఉద్యోగం, ఇలాంటివి. ఏది వదిలేయాలో తెలిసిన వాళ్లకే మార్కులు. నేను చేరిన కోచింగ్ సెంటర్‌లో ఒకే ఉత్తరం మూస ఇచ్చి, పేషెంటు పేరు, జబ్బు మార్చి రాసేయమన్నారు. అలా చెప్పడం పిల్లల డబ్బుకి చేసే అన్యాయం. ఉత్తరం ఎందుకు రాస్తున్నామో మొదట్లోనే తేలాలి, చదివే మనిషికి అక్కర్లేని ముక్క ఉండకూడదు. మార్కులు వేసేటప్పుడు వీటినీ చూస్తారు. కంఠస్థం చేసిన ఉత్తరంలో ఈ రెండూ కుదరవు.

నాకు అన్నిటికన్నా నచ్చింది స్పీకింగ్. ఒక కార్డు ఇస్తారు, ఆలోచించుకోవడానికి కాస్త టైమిస్తారు, తర్వాత ఎదుటి మనిషి పేషెంటుగానో, పేషెంటు తాలూకు మనిషిగానో మాట్లాడతారు. ఒక్కోటి 5 నిమిషాల చొప్పున రెండు. మార్కులు వేసేది ఆ ఎదుట కూర్చున్న మనిషి కాదు, రికార్డింగ్ విని వేరే వాళ్లు వేస్తారు. ఇది తెలిస్తే టెన్షన్ సగం తగ్గుతుంది. గ్రామర్, ఉచ్చారణతో పాటు పేషెంటు భయాన్ని పట్టించుకున్నామా, మాట మధ్యలో తెంచేశామా, చెప్పింది అర్థమైందో లేదో అడిగామా అన్నది కూడా చూస్తారు.

ఇంట్లో ప్రాక్టీస్ చేసేటప్పుడు నాకొచ్చిన ఒక కార్డులో, డాక్టరు చెప్పిన పథ్యం నా వల్ల కాదని మొండికేసే పేషెంటు. మా యూనిట్‌లో ఇది రోజూ ఉన్నదే. ఉద్దానం నుంచి వచ్చే కిడ్నీ పేషెంట్లకు తాగే నీళ్లకూ లెక్క ఉంటుంది. ఎండాకాలం జీడితోటలో పని చేసొచ్చిన మనిషి "సిస్టరమ్మా, గొంతెండిపోతంది, ఒక్క గుక్కే కదా, ఏటవుద్ది?" అంటే కసురుకోలేం, ఇవ్వనూలేం. పక్కన కూర్చుని, దాహం ఎంత కష్టమో నాకు తెలుసు అని ముందు చెప్పి, నీళ్లు ఒంట్లో ఉండిపోతే ఆయాసం ఎందుకొస్తుందో చెప్పి, నోట్లో చిన్న ఐస్‌ముక్క పెట్టుకోవచ్చు, దాన్నీ లెక్కలో వేసుకుందాం అని ఒప్పిస్తాం. పరీక్షలో అడిగేది సరిగ్గా ఈ వరసే, ఇంగ్లిష్‌లో. మాకు వాక్యాలు తడబడొచ్చు కానీ ఆ మనసు, ఆ వరస మా దగ్గర ముందే ఉన్నాయి. ఈ సంగతి కాలేజీలో ఒక్కరైనా చెప్పి ఉంటే ఎంతమంది ధైర్యంగా ఫారం నింపేవారో!

కష్టమంతా లిజనింగ్‌లో. ఒక్కసారే వినిపిస్తారు. మొదటి భాగంలో పేషెంటు మాట్లాడుతుండగానే ఖాళీలు నింపాలి. బ్రిటిష్ వాళ్ల, ఆస్ట్రేలియా వాళ్ల యాస మన చెవికి అలవాటు లేదు. కాలేజీలో పాఠం ఇంగ్లిష్‌లో చదువుతాం, వార్డులో తెలుగే మాట్లాడతాం, వినేది మాత్రం ఎక్కడా లేదు. ఫస్టియర్ నుంచే రోజూ కాసేపు వినిపిస్తే మన పిల్లలు ఇక్కడ వెనకబడరు. ఓ.ఇ.టి. వాళ్ల వెబ్‌సైట్‌లో నమూనా పరీక్షలు ఉచితంగా ఉన్నాయి, ముందు అవి చేయండి. రీడింగ్‌లో మొదటి భాగం 15 నిమిషాల్లో 20 ప్రశ్నలు. అక్కడ చదవడం కాదు, వెతకడం.

ఫీజు తక్కువేం కాదు. నేను రాసినప్పుడు నాకది రెండు నెలల జీతం. పైగా నేను ఆమదాలవలసలో విశాఖ ఎక్స్‌ప్రెస్ ఎక్కి హైదరాబాద్ వెళ్లి రాశాను, బస ఖర్చు అదనం. అందుకే "ఒకసారి రాసి చూద్దాం" అనుకుని కట్టొద్దు. యూకే నర్సింగ్ కౌన్సిల్‌కి లిజనింగ్, రీడింగ్, స్పీకింగ్‌లలో 350 చొప్పున, రైటింగ్‌లో 300 రావాలి. నమూనా పరీక్షల్లో లిజనింగ్ నిలకడగా కుదిరాకే డబ్బు కట్టండి. ఏదైనా ఒకటి తప్పితే నీరసపడిపోకండి, కొన్ని షరతులతో 12 నెలల్లోపు రాసిన రెండు పరీక్షల మార్కులు కలిపి చూపించుకోవచ్చు.

బుక్ చేసే ముందు పాస్‌పోర్టు ఎదురుగా పెట్టుకోండి. మన టెన్త్ సర్టిఫికెట్‌లో ఇంటిపేరు ముందుంటుంది, కొందరికి ఒక్క అక్షరమే ఉంటుంది, పాస్‌పోర్టులో ఇంకోలా ఉంటుంది. పరీక్షకి పేరు పాస్‌పోర్టులో ఉన్నట్టే ఇవ్వాలి. తేడా ఉంటే ముందు అది సరిచేయించుకుని, ఆ తర్వాతే ఫీజు కట్టండి.