లీవోడోపా–కార్బిడోపా మాత్ర: ఏళ్ల వాడకం తర్వాత

పార్కిన్సన్స్‌కి, అంటే మెదడులో డోపమైన్ తగ్గి కదలికలు దెబ్బతినే జబ్బుకి, మా ఇంట్లో ఏళ్లుగా వాడుతున్న మందు ఇదే. బిగుసుకుపోయిన ఒంటిని వదులుచేయడంలో, కదలికలో మందకొడితనం తగ్గించడంలో దీనికి సాటి వచ్చే మాత్ర మరొకటి లేదు. వణుకు మీద ఒక్కొక్కరికి ఒక్కోలా పనిచేస్తుంది. తూలి పడిపోవడం, మలబద్ధకం, మతిమరుపు మాత్రం దీనితో పెద్దగా మారవు. అవి తగ్గలేదని డోసు పెంచమని అడగడం వృథా.

ముందు పట్టీ మీది అంకెలు అర్థం చేసుకోవాలి. 110 అంటే 100 మి.గ్రా. లీవోడోపా, 10 కార్బిడోపా. ‘ప్లస్’లో 100, 25. 275లో 250, 25. లీవోడోపా మెదడుకు చేరాక, కదలికలను నడిపే రసాయనమైన డోపమైన్‌గా మారాలి. దారిలోనే అలా మారిపోకుండా కాపాడేది కార్బిడోపా. అది రోజుకు సుమారు 70 నుంచి 100 మి.గ్రా. అందాలి. 110 రోజుకు మూడు వేసుకుంటే అందేది 30 మాత్రమే. అప్పుడు వికారం, వాంతులు ఎక్కువ. అదే ‘ప్లస్’ మూడైతే 75. ఈ లెక్క డాక్టర్ ముందు పెట్టండి.

తిండికి అరగంట ముందు, లేదా తిన్న గంట తర్వాత వేసుకోవాలి. పప్పు, గుడ్డు, మాంసం, పెరుగులోని ప్రొటీన్, ఈ మందు పేగులోనూ మెదడు గడపలోనూ ఒకే దారికి పోటీపడతాయి. అలాగని ప్రొటీన్ మానేస్తే మనిషి చిక్కిపోతాడు. ఎక్కువ భాగం రాత్రి భోజనానికి మార్చుకుంటే చాలు. కడుపులో తిప్పితే మాత్రతో రెండు బిస్కెట్లు తినొచ్చు. ఐరన్ మాత్రకు, దీనికి మధ్య కనీసం రెండు గంటలు ఉండాలి. సీఆర్ మాత్రను, అంటే మందు నెమ్మదిగా విడుదలయ్యే రకాన్ని, నలపకూడదు, నమలకూడదు.

కొన్నేళ్లకు తర్వాతి డోసు వేళ కాకముందే మందు ప్రభావం దిగిపోవడం మొదలవుతుంది. ఇంకో చిక్కు, మందు బాగా పనిచేసే వేళలోనే ఒళ్లు మెలికలు తిరగడం. ఇంట్లోవాళ్లు దాన్ని వణుకు అనుకుంటారు, ఇంకో మాత్ర వేస్తారు. నిజానికి అది ఆ వేళకు డోపమైన్ ఎక్కువైందన్న గుర్తు. మాత్ర వేసిన టైమూ, ఒళ్లు ఎలా ఉందో కాగితం మీద రాసిపెడితే డాక్టర్ డోసును చిన్న భాగాలుగా విడగొట్టగలుగుతారు.

అసలు భయపడాల్సింది పక్క మందుల గురించి. గ్యాస్‌కి ఇచ్చే క్యాప్సూల్ అట్ట మీద ‘లీవోసల్పిరైడ్’ అని ఉందేమో చూడండి. రాబెప్రజోల్, పాంటాప్రజోల్‌తో కలిపి అమ్ముతారు కాబట్టి ఎవరికీ అనుమానం రాదు. వాంతులకు మెటోక్లోప్రమైడ్, ప్రోక్లోర్‌పెరజైన్, తలతిరుగుడుకు సిన్నరిజిన్, మైగ్రేన్‌కు ఫ్లునరిజిన్ కూడా ఆ కోవలోవే. ఇవి మెదడులో డోపమైన్ పనిచేసే చోటును అడ్డుకుంటాయి. జబ్బు ఉన్నవాళ్లకు ముదిరినట్టు చేస్తాయి, లేనివాళ్లకు కొత్తగా తెచ్చిపెడతాయి. మందువల్ల వచ్చినది తరచుగా రెండు పక్కలా ఒకేలా కనబడుతుంది. మానేశాక వారాల్లోనో నెలల్లోనో తగ్గుతుంది. తగ్గకపోతే అడుగున అసలు జబ్బే ఉండి ఉండొచ్చు. వాంతులకు డాంపెరిడోన్ మెదడులోకి అంతగా వెళ్లదు, కానీ గుండె లయను దెబ్బతీయగలదు. పెద్దవాళ్లకు ఈసీజీ చూసి ఇవ్వాలి.

లేనివి కనబడుతున్నాయని ఆసుపత్రిలో హాలోపెరిడాల్ ఇవ్వబోతే వెంటనే చెప్పండి, మనిషి కొయ్యబారిపోతాడు. రిస్పెరిడోన్, ఓలాన్‌జపైన్ కూడా తగవు. అక్కడ క్వెటియాపైన్, లేదా రక్తపరీక్షలతో క్లోజపైన్ వాడతారు. వణుక్కి ఇచ్చే ట్రైహెక్సీఫెనిడిల్ ముసలివాళ్లకు మతి తప్పిస్తుంది, మూత్రం ఆపేస్తుంది. ఇదే జబ్బుకు ఇచ్చే ప్రామిపెక్సోల్ మొదలుపెట్టాక జూదం, అదుపులేని కొనుగోళ్లు కనబడితే సిగ్గుపడకుండా డాక్టర్‌కి చెప్పాలి.

దూలగొండి పొడిలోనూ లీవోడోపా ఉంటుంది. మాత్రతో పాటు తెలియకుండా వాడితే డోసు లెక్క తప్పుతుంది.

మాత్రను ఒక్కసారిగా ఎన్నడూ ఆపకండి. జ్వరం, తీవ్రమైన బిగుతుతో ప్రాణం మీదకు వస్తుంది. ఆపరేషన్‌కు పరగడుపున ఉండమన్నా ఈ డోసు సంగతి మత్తు డాక్టర్‌ని ముందురోజే అడిగి, ఏ వేళకు ఎలా ఇస్తారో కేసు షీటులో రాయించండి.