పర్లాకిమిడిలో చేయించిన బైక్ ట్రాలీ: జాయింట్‌కి ఫుల్ మార్కులు, వెల్డింగ్‌కి కాదు

స్ప్లెండర్ వెనక తగిలించుకునే రెండు చక్రాల ట్రాలీ ఒకటి ఒడిశాలోని పర్లాకిమిడిలో ఒక చిన్న వెల్డింగ్ షాపులో చేయించాను. మాది కాశీనగర్ వైపు, వంశధార ఒడ్డున కూరగాయల తోట. చేలోకి ఆటో రాదు, వంకాయ బస్తాలు రోడ్డు దాకా మోయడానికి మనుషులు దొరకరు. మా చుట్టుపక్కల ఇదే బాధ పడుతున్నవాళ్లు చాలామంది ఉన్నారు, వాళ్ల కోసమే రాస్తున్నాను.

ట్రాలీ అనగానే అందరూ డబ్బా ఎంత పెద్దదని చూస్తారు గానీ అసలు పనితనం బండికీ ట్రాలీకీ మధ్య ఉండే జాయింట్‌లోనే ఉంది. అది పక్కకి తిరగాలి, గతుకుల్లో పైకీ కిందకీ ఆడాలి. అంతటితో అయిపోదు, మలుపులో బైక్ వాలుతుంది, ట్రాలీ మాత్రం నిటారుగానే ఉంటుంది, కాబట్టి మెలి తిరిగే వీలు కూడా ఉండాలి, లేదంటే బండిని వాలనివ్వదు, పడేస్తుంది. ఈ మేస్త్రి పాత జీపు ప్రొపెల్లర్ షాఫ్ట్ క్రాస్ (ఇంజిన్ తిప్పుడుని చక్రాలకి అందించే కడ్డీకి ఉండే ప్లస్ ఆకారపు జాయింట్) తెచ్చి బిగించాడు, దాంతో మొదటి రెండు కదలికలూ వచ్చాయి. మూడోదానికి, అంటే మెలి తిరగడానికి, ట్రాలీని బండికి కలిపే లాగుడు పైపులో ఇంకో గొట్టం దూర్చి, గ్రీజు నిప్పిల్ పెట్టి, ఊడిరాకుండా వాషరు, స్ప్లిట్ పిన్ వేశాడు. చేత్తో మెలితిప్పితే మెత్తగా తిరుగుతుంది, ముందుకీ వెనక్కీ గుంజితే టక్కుమనే చప్పుడు కూడా రాదు. నిజంగా చేయి తిరిగిన పని.

తగిలించిన చోటు కూడా సరైనదే. చాలామంది సీటు వెనక క్యారియర్‌కి వెల్డింగ్ చేసేస్తారు, అంత ఎత్తు నుంచి లాగితే ఎత్తు ఎక్కేటప్పుడు ముందు చక్రం తేలిపోతుంది. ఇతను వెనక చక్రం చుట్టూ యూ ఆకారంలో బ్రాకెట్ వేసి రెండు వైపులా యాక్సిల్‌కి బిగించాడు. చైన్ టైట్ చేసిన ప్రతిసారీ బ్రాకెట్ కూడా సర్దాలి, ఆ మాత్రం పని పర్లేదు. చక్రాలు పాత స్కూటర్‌వి, పది అంగుళాలవి, టైరు ఎక్కడైనా దొరుకుతుంది.

ఇక వెల్డింగ్. లాగుడు పైపు ఫ్రేమ్‌ని కలిసే చోటే బరువంతా పడుతుంది, సరిగ్గా అక్కడే పైన లావుగా కనిపించిన అతుకు స్లాగ్ (వెల్డింగ్ మీద పేరుకునే పెంకు) కొట్టి చూస్తే లోపల గుల్ల, సూది దూరేంత కన్నాలు. గ్రైండ్ చేయించి మళ్లీ వేయించాను, రెండు పక్కలా త్రికోణం ప్లేట్లు కూడా పెట్టించాను. అడిగితే చేశాడు, అడగకపోతే రంగు వేసి ఇచ్చేసేవాడే. వెనక లైటు వైర్లు చేత్తో మెలిపెట్టి టేపు చుట్టాడు, రిఫ్లెక్టర్లు లేవు, సేఫ్టీ చైన్ లేదు. ఇవన్నీ ఇంటి దగ్గర నేనే పెట్టుకున్నాను. చెప్పిన రోజుకి ఇవ్వడం అనేది కూడా అక్కడ ఆశించకండి.

రెండు వందల కిలోలు లాగుతుందన్నాడు. లాగుతుందేమో గానీ ఆపేది ఎవరు? ట్రాలీకి బ్రేకు లేదు, ఆ బరువంతా వెనక నుంచి నెడుతుంటే ఆపాల్సింది స్ప్లెండర్ డ్రమ్ బ్రేకులే. నేను వంద కిలోలు దాటనివ్వను, ఒడ్డు దిగేటప్పుడు ఫస్ట్ గేరే, న్యూట్రల్ అసలొద్దు. బస్తాలు ట్రాలీ యాక్సిల్‌కి కొంచెం ముందుకి సర్దాలి, బరువులో పదో వంతుకి పైగా జాయింట్ మీద పడేలా చూసుకోవాలి. వెనక బరువెక్కువైతే స్పీడులో తోక ఊగినట్టు ఊగుతుంది, ఆ ఊపు మొదలైతే బండి మన మాట వినదు.

"రోడ్డు మీద ఎవరూ అడగరు బాబూ" అని మేస్త్రి ధైర్యం చెప్పాడు, నాకు అది నచ్చలేదు. 1988 మోటారు వాహనాల చట్టంలో మోటార్‌సైకిల్ కింద సైడ్‌కార్‌ని కలిపారు గానీ ట్రైలర్‌ని విడిగా చూపించారు, దానికి వేరే రిజిస్ట్రేషన్ ఉండాలి. ఇలా చేయించుకున్నదానికి నంబరు ఉండదు, ఏదైనా జరిగితే ఇన్సూరెన్స్ వాళ్లతో గొడవే. అందుకే నాది చేలోంచి రోడ్డు దాకా వచ్చి ఆగిపోతుంది, అక్కడి నుంచి ఆటోనే.

ఐదుకి మూడున్నర ఇస్తాను. ఆ జాయింట్ కోసం మీరూ ఇక్కడికే వెళ్లొచ్చు, కాకపోతే ప్రైమర్ (రంగుకి ముందు వేసే పూత) కొట్టకముందే ఒకసారి వెళ్లి ప్రతి అతుకూ సుత్తితో కొట్టించి చూడండి, మిగతా డబ్బు ఆ తర్వాతే ఇవ్వండి.